థామస్ మిడ్జ్‌లీ: మన ఇళ్ళకు చల్లదనం తెచ్చిన మనిషి

మన సంఘం ప్రత్యేక సంచికల్లో సాధారణంగా దేశభక్తుల, సంఘ సంస్కర్తల, కవుల జీవితాలు చదువుకుంటాం. ఈసారి నేను ఎంచుకున్న వ్యక్తి వారిలో ఎవరి కోవకూ చెందడు. ఆయన విగ్రహం ఏ చౌరస్తాలోనూ లేదు. అయినా ఆయన తయారుచేసిన రెండు పదార్థాలు మన ఆబిడ్స్, నాంపల్లి వీధుల్లో దశాబ్దాల తరబడి మనతోనే ఉన్నాయి. ఒకటి స్కూటర్ల, ఆటోల పొగలో కలిసి మన ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. రెండోది మన వంటింటి ఫ్రిజ్‌లో, సినిమా హాలు చల్లదనంలో, ఆఫీసరు గారి గది ఎ.సి.లో తిరుగుతూ ఉండేది. ఆ వ్యక్తి పేరు థామస్ మిడ్జ్‌లీ. అమెరికా దేశస్థుడు. ఆయన జీవితం తెలుసుకుంటే, ఈ రోజు మన ఎ.సి. మెకానిక్ పాత గ్యాస్ దొరకడం కష్టమవుతోందని ఎందుకు అంటున్నాడో కూడా అర్థమవుతుంది.

జననం, విద్య

మిడ్జ్‌లీ 1889 మే 18న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బీవర్ ఫాల్స్ అనే ఊళ్ళో జన్మించాడు. పెరిగింది ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో. కొత్త వస్తువులు కనిపెట్టడం ఆ ఇంటి విద్య. తండ్రి మోటారు టైర్లలో మెరుగులు చేసినవాడు. తల్లి తరఫు తాత పళ్ళు విడిగా అమర్చే రంపాన్ని కనిపెట్టినవాడు. మిడ్జ్‌లీ 1911లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు. అదే ఏడాది వివాహం చేసుకున్నాడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆయన చదివింది యంత్రాల చదువు. పేరు తెచ్చింది మాత్రం రసాయన శాస్త్రం. అది ఆయన కాలేజీలో నేర్చింది తక్కువ, ఉద్యోగంలో చేరాక సొంతంగా నేర్చుకున్నది ఎక్కువ. ఏ మూలకం ఎక్కడ ఉంటుందో చెప్పే పట్టికను జేబులో పెట్టుకుని తిరిగేవాడని చెబుతారు.

1916లో ఆయన డేటన్ పట్టణంలో చార్లెస్ కెటరింగ్ అనే ప్రసిద్ధ ఇంజనీరు నడిపే పరిశోధనశాలలో చేరాడు. మోటారు కారుకు హ్యాండిల్ తిప్పే బాధ తప్పించి సెల్ఫ్ స్టార్టర్ ఇచ్చినవాడు ఈ కెటరింగే. తరువాత ఆ పరిశోధనశాల జనరల్ మోటార్స్ కంపెనీలో భాగమైంది. మిడ్జ్‌లీ జీవితంలోని రెండు పెద్ద పనులూ కెటరింగ్ అప్పగించినవే.

మొదటి పని: పెట్రోలులో సీసం

ఆ రోజుల్లో మోటారు ఇంజన్లకు ఒక జబ్బు ఉండేది. పెట్రోలు సరిగా మండక లోపల టకటక కొట్టుకునేది. శక్తి వృథా అయ్యేది, ఇంజను పాడయ్యేది. దానికి మందు కనిపెట్టమని కెటరింగ్ పురమాయించాడు. మిడ్జ్‌లీ, ఆయన సహచరులు ఏళ్ళ తరబడి ఎన్నెన్నో పదార్థాలు కలిపి చూశారు. ఒకదానికి వెల్లుల్లి కంపు. బట్టలు మార్చినా, స్నానం చేసినా వదిలేది కాదు. చివరకు 1921 డిసెంబరు 9న టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు పదార్థం పట్టుబడింది. పెట్రోలులో కొద్ది చుక్కలు కలిపితే చాలు, ఇంజను కొట్టుకోవడం ఆగిపోయింది. 1923 ఫిబ్రవరి 1న డేటన్‌లో దాని అమ్మకం మొదలైంది.

సీసం విషమని అప్పటికే లోకానికి తెలుసు. వైద్యులు వద్దని రాశారు. మిడ్జ్‌లీకే 1923లో సీసం సోకి, కొన్ని వారాలు ఫ్లారిడా వెళ్ళి విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని ఒక శుద్ధి కర్మాగారంలో ఆ పదార్థం తయారుచేసే కార్మికులకు మతి చలించింది. లేనివి ఉన్నట్టు భ్రమపడ్డారు. అయిదుగురు చనిపోయారు. అదే నెల 30న మిడ్జ్‌లీ పత్రికల వారిని పిలిపించి, వారి ఎదుటే ఆ ద్రవాన్ని చేతుల మీద పోసుకుని, సీసా ముక్కు దగ్గర పెట్టుకుని నిమిషం సేపు పీల్చి చూపించాడు. ప్రమాదం ఏమీ లేదని చెప్పడం ఆయన ఉద్దేశం. 1925లో అమ్మకం కొంతకాలం ఆపారు. విచారణ సంఘం నిషేధానికి తగిన ఆధారం లేదని తేల్చడంతో 1926లో మళ్ళీ మొదలైంది.

ఇంజను కొట్టుకోవడాన్ని ఆల్కహాలు కూడా ఆపగలదని మిడ్జ్‌లీకి తెలుసు. అయితే అది ఎవరైనా తయారుచేసుకోగల వస్తువు. పేటెంటు రాదు, లాభం రాదు. సీసానికి పేటెంటు ఉంది. అందుకే సీసం గెలిచింది.

ఆ సీసం మన దాకా వచ్చింది. మనలో చాలామంది నాంపల్లి, ఆబిడ్స్, గన్‌ఫౌండ్రీ ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళమే. సాయంత్రం అయిదు దాటాక ఆబిడ్స్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడిన రోజులు గుర్తుకు తెచ్చుకోండి. స్కూటర్లు, ఆటోలు వదిలే పొగలో ఆ సీసం ఉండేది. పిల్లల మెదడు ఎదుగుదలకు అది ఎంత చేటో ఇప్పుడు వైద్యశాస్త్రం నిస్సందేహంగా చెబుతోంది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు ఇవ్వడం మొదలుపెట్టి, 2000 ఫిబ్రవరి 1 నాటికి దేశమంతటా సీసపు పెట్రోలు మాన్పించారు. ప్రపంచంలో చివరగా మానిన దేశం అల్జీరియా, 2021లో. అంటే మిడ్జ్‌లీ కనిపెట్టిన తరువాత దాన్ని వదిలించుకోవడానికి లోకానికి వందేళ్ళు పట్టింది.

రెండో పని: ప్రమాదం లేని చల్లదనం

ఇప్పుడు ఈ వ్యాసానికి ముఖ్యమైన భాగానికి వద్దాం.

1920ల్లో ఇంటి ఫ్రిజ్ అంటే భయం. చల్లదనం కోసం అందులో తిప్పే గ్యాసులు అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్. మొదటి రెండూ గొంతు పట్టేసి ఊపిరాడనివ్వవు. మూడోదానికి పెద్దగా వాసన ఉండదు కనుక లీకయినా తెలియదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇలా కుటుంబాలకు కుటుంబాలే చనిపోయిన సంఘటనలు జరిగాయి. ఐన్‌స్టీన్ అంతటివాడు కూడా బెర్లిన్‌లో అటువంటి వార్త చదివి, లీకు కాని ఫ్రిజ్ తయారుచేయాలని తన సహచరుడితో కలిసి ప్రయత్నించాడు.

మన ఊళ్ళో అప్పటికి ఫ్రిజ్‌ల మాట లేదు. చల్లదనం అంటే ఐసు ఫ్యాక్టరీ నుంచి గోనెసంచి కప్పి, రంపపు పొట్టు చల్లి తెచ్చిన మంచు దిమ్మ. ఆ ఫ్యాక్టరీల్లో అమ్మోనియాయే నడిచేది. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌లో పేరుపొందిన ఐస్‌క్రీము దుకాణాల పద్ధతి అందరికీ తెలిసిందే. పాలు, పండ్ల గుజ్జు ఉన్న డబ్బాను ఐసు, ఉప్పు మధ్య పెట్టి చేత్తో తిప్పడం. గ్యాసు ఊళ్ళో ఎక్కడో ఫ్యాక్టరీలో ఉండేది. ఇంట్లోకి ఐసు మాత్రమే వచ్చేది.

అమెరికాలో ఫ్రిజిడేర్ అనే ఫ్రిజ్‌ల కంపెనీ జనరల్ మోటార్స్‌దే. విషం కాని, మండని గ్యాసు లేకపోతే ఇంటింటికీ ఫ్రిజ్ అమ్మడం సాధ్యం కాదని 1928లో కెటరింగ్ మిడ్జ్‌లీకి కబురు చేశాడు. మిడ్జ్‌లీ తన సహచరులు హెన్నే, మెక్‌నారీలతో కూర్చుని మూలకాల పట్టిక ముందు పెట్టుకున్నాడు. ఏవి మరిగితే చల్లదనం ఇస్తాయి, ఏవి మండవు, ఏవి విషం కావు అని ఒక్కొక్కటే కొట్టివేస్తూ పోగా ఫ్లోరిన్ దగ్గర ఆగారు. ఫ్లోరిన్ ఒంటరిగా ఉంటే పరమ ప్రమాదకరం. కర్బనంతో గట్టిగా ముడిపడితే మాత్రం సాధువు అయిపోతుందని వారి అంచనా. మూడు రోజుల్లోనే మొదటి నమూనా తయారైంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. తయారీకి కావలసిన ఆంటిమొనీ ట్రైఫ్లోరైడ్ అయిదు చిన్న సీసాలు తెప్పించారు. అందులో ఒకటి తీసి, దానితో చేసిన గ్యాసును ఒక గినీపంది ఉన్న గాజు గిన్నెలోకి వదిలారు. జంతువు నిక్షేపంగా ఉంది. రెండో సీసాతో చేసినప్పుడు మాత్రం చచ్చిపోయింది. ఆరా తీస్తే, అయిదు సీసాల్లో నాలుగు కల్తీవి. ఆ కల్తీ వల్ల ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టింది. మొదట చేతికి తగిలినది మంచి సీసా కావడం అదృష్టం. కల్తీ సీసా తగిలి ఉంటే ఈ గ్యాసు పనికిరాదని అప్పుడే పక్కన పెట్టేసేవారేమో.

1930 ఏప్రిల్‌లో అట్లాంటాలో అమెరికన్ కెమికల్ సొసైటీ సభ జరిగింది. అక్కడ మిడ్జ్‌లీ ఈ గ్యాసును గుండెల నిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీద నెమ్మదిగా వదిలాడు. కొవ్వొత్తి ఆరిపోయింది. ఆయన క్షేమంగా నిలబడ్డాడు. విషం కాదు, మండదు అని రెండు మాటలూ ఒక్క ఊపిరితో రుజువైనాయి. అదే ఏడాది జనరల్ మోటార్స్, డ్యూపాంట్ కంపెనీలు కలిసి తయారీ సంస్థ పెట్టాయి. గ్యాసుకు ఫ్రియాన్ అని వ్యాపారనామం పెట్టారు. శాస్త్రం పేరు క్లోరోఫ్లోరోకార్బన్, పొట్టిగా సి.ఎఫ్.సి. ఫ్రిజ్‌లలో వాడిన రకాన్ని మెకానిక్కులు ఆర్-12 అంటారు. దాని చెల్లెలు వంటి ఆర్-22 తరువాత కిటికీ ఎ.సి.లలోకి వచ్చింది.

మేలు తక్కువది కాదు

ఈ గ్యాసు వల్ల జరిగిన మేలును కూడా న్యాయంగా చెప్పాలి. టీకా మందులు చెడకుండా ఊరూరికీ చేరాయి. రక్తనిధులు ఏర్పడ్డాయి. పాలు, చేపలు, పండ్లు నిలవ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో దోమల మందు చల్లే డబ్బాల్లో ఇదే గ్యాసు ఉండేది. ఉబ్బసం ఉన్నవారు నోట్లో కొట్టుకునే పంపుల్లోనూ చాలాకాలం ఇదే.

మన హైదరాబాద్‌లో 1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి ఆల్విన్ సంస్థను నెలకొల్పాయి. సనత్‌నగర్ ఆల్విన్ ఫ్రిజ్ ఇంటికి రావడం మన తరానికి ఒక పండుగ. కో-ఆపరేటివ్ సొసైటీలో అప్పు తీసుకుని, జీతంలో నెలనెలా కోయించుకుని కొన్నవాళ్ళు మన సభ్యుల్లో ఎందరో ఉంటారు. జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్‌కు వెళ్ళి, ఫ్రిజ్‌ల స్టాలు దగ్గర తలుపు తీసి చేయి పెట్టి చూసి రావడం కూడా ఒక ముచ్చటే. ఆబిడ్స్‌లో రామకృష్ణ, సంతోష్ వంటి హాళ్ళలో ఎండాకాలం మ్యాట్నీకి వెళ్ళేవారిలో సగం మంది సినిమా కోసం, సగం మంది చల్లదనం కోసం. ఆ సుఖాల వెనుక మిడ్జ్‌లీ ఊదిన కొవ్వొత్తి ఉందని మనకు అప్పుడు తెలియదు.

బిరుదులు, అస్వస్థత, మరణం

మిడ్జ్‌లీకి నూరుకు పైగా పేటెంట్లు వచ్చాయి. 1937లో పెర్కిన్ పతకం, 1941లో ప్రీస్ట్లీ పతకం, 1942లో విలార్డ్ గిబ్స్ పతకం అందుకున్నాడు. 1944లో అమెరికన్ కెమికల్ సొసైటీకి అధ్యక్షుడైనాడు.

ఇంతలో 1940లో, 51వ ఏట, పోలియో వచ్చి కాళ్ళు పడిపోయాయి. మంచం మీద ఉన్నా బుర్ర ఊరుకోలేదు. ఒకరి సాయం లేకుండా మంచం మీద నుంచి లేవడానికి తాళ్ళు, కప్పీలతో ఒక ఏర్పాటు తయారుచేసుకున్నాడు. 1944 నవంబరు 2న ఆ తాళ్ళే మెడకు బిగిసి మరణించాడు. అప్పటికి వయస్సు 55. ప్రమాదమని చాలా పుస్తకాల్లో ఉంటుంది. అధికారిక నమోదులో మాత్రం ఆత్మహత్య అని ఉంది. ఏదైనా, తన గ్యాసు ఆకాశంలో ఏమి చేస్తుందో తెలుసుకోకుండానే ఆయన వెళ్ళిపోయాడు. అదే 1944లో మన హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వం ఒక పరిశోధనశాలను స్థాపించింది. అదే నేటి తార్నాకలోని ఐ.ఐ.సి.టి. దాని పేరు మళ్ళీ ఈ కథలో వస్తుంది.

ఆకాశంలో బయటపడిన లెక్క

మనం ఆఫీసులో ఒక కాగితం పంపితే ఔట్‌వర్డ్ రిజిస్టరులో రాస్తాం. ఎక్కడికి వెళ్ళింది, ఎప్పుడు వెళ్ళింది అని తరువాత చూసుకోవచ్చు. ఫ్రిజ్ నుంచి బయటపడిన గ్యాసుకు మాత్రం నలభై ఏళ్ళు ఎవరూ రిజిస్టరు పెట్టలేదు. 1970ల మొదట్లో ఇంగ్లండుకు చెందిన జేమ్స్ లవ్‌లాక్ ఓడలో అట్లాంటిక్ మీదుగా అంటార్కిటికా వైపు వెళుతూ గాలిని పరీక్షించాడు. జనావాసాలకు ఎంతో దూరంగా, సముద్రం మధ్య కూడా సి.ఎఫ్.సి. కనిపించింది. ఎక్కడా నశించకుండా గాలిలోనే పోగుపడుతోందని తేలింది.

1974లో కాలిఫోర్నియాలో మారియో మోలినా, షెర్వుడ్ రోలాండ్ మిగతా లెక్క పూర్తిచేశారు. ఈ గ్యాసు కింద ఎవరితోనూ కలవదు. అదే దాని సుగుణం. అదే దోషమైంది. ఆర్-12 సుమారు నూరేళ్ళు గాలిలో ఉంటుంది. మెల్లగా పైకి చేరి, ఓజోన్ పొర ఉన్న ఎత్తులో సూర్యుని అతినీలలోహిత కిరణాలు తగిలి విరుగుతుంది. అందులోని క్లోరిన్ విడిపోయి ఓజోన్‌ను కొరుకుతుంది. ఒక క్లోరిన్ పరమాణువు లక్ష వరకు ఓజోన్ అణువులను పాడుచేయగలదు. ఆ పొర పలచబడితే చర్మ క్యాన్సర్లు, కంటి శుక్లాలు పెరుగుతాయి, పంటలకూ హాని. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అయింది.

1985లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు అంటార్కిటికా మీద ప్రతి వసంతంలోనూ ఓజోన్ విపరీతంగా తగ్గిపోతోందని ప్రకటించారు. దానినే ఓజోన్ రంధ్రం అంటున్నారు. మన నెత్తి మీద రంధ్రం పడిందని కొందరు అనుకుంటారు, అది నిజం కాదు. ఉష్ణమండలంలో తగ్గుదల చాలా తక్కువ. అయితే గాలి పై పొరల్లోకి ఎక్కే దారి మాత్రం మన వంటి వేడి ప్రదేశాల మీదుగానే ఉంది. అందుకే 1987 మార్చిలో హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి పెద్ద బెలూన్‌ను ఎగరవేసి, పై గాలిని సీసాల్లో పట్టి తెచ్చి, భారత, జర్మనీ శాస్త్రజ్ఞులు అందులోని సి.ఎఫ్.సి.లను కొలిచారు. మిడ్జ్‌లీ గ్యాసు మన ఊరి ఆకాశంలో ఎంత ఎత్తున ఎంత ఉందో అలా లెక్కకు వచ్చింది.

మన ప్రాంతానికి ఇంకొక సంబంధం కూడా ఉంది. వీరభద్రన్ రామనాథన్ ఇంజనీరింగ్ చదివాక సికింద్రాబాద్‌లోని ఒక రిఫ్రిజిరేటర్ల పరిశ్రమలో పనిచేశారు. గ్యాసు ఎందుకు లీకవుతోందో చూడడం వారి పనుల్లో ఒకటి. తరువాత వారు అమెరికా వెళ్ళి, 1975లో ఈ గ్యాసు భూమి వేడిని కూడా విపరీతంగా పట్టి ఉంచుతుందని నిరూపించారు. బరువుకు బరువు చూస్తే ఆర్-12 బొగ్గుపులుసు వాయువు కన్నా పదివేల రెట్లు ఎక్కువ వేడి పట్టుతుంది. అంటే ఒకే గ్యాసు మీద రెండు అభియోగాలు. ఓజోన్ పొర వేరు, భూమి వేడెక్కడం వేరు. రెండిటికీ ఇది కారణమే.

ఒప్పందం, ఖర్చు

1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో ఈ గ్యాసులను తగ్గించే ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది డ్యూపాంట్ కంపెనీయే తయారీ మానుతామని ప్రకటించింది. మన దేశం వెంటనే సంతకం చేయలేదు. కారణం న్యాయమైనదే. ఆకాశాన్ని పాడుచేసినంత గ్యాసు వాడినది ధనిక దేశాలు. మన ఇళ్ళకు ఫ్రిజ్ అప్పుడప్పుడే వస్తోంది. అనుభవించినవాడు ఒకడు, అప్పు తీర్చేవాడు ఇంకొకడా అని ప్రశ్న. 1990 లండన్ సమావేశంలో అప్పటి పర్యావరణ మంత్రి మేనకా గాంధీ ఈ వాదన గట్టిగా వినిపించారు. పేద దేశాలకు ఖర్చు భరించే నిధి ఏర్పడింది. అదనంగా గడువు దొరికింది. 1992 జూన్‌లో భారత్ ఒప్పందంలో చేరింది.

మన దేశంలో సి.ఎఫ్.సి. తయారుచేసే నాలుగు కర్మాగారాలు ఉండేవి. వాటి తయారీ దశలవారీగా ఆపడానికి 1999లో ఆ నిధి నుంచి 8 కోట్ల 20 లక్షల డాలర్లు మంజూరయ్యాయి. 2000లో మన ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. గడువు 2010 జనవరి 1 అయితే, ఉబ్బసపు పంపుల అవసరం మినహా, 2008 ఆగస్టు 1కే మనం సి.ఎఫ్.సి. తయారీ ఆపేశాం. మన ఐ.ఐ.సి.టి. 1990ల్లో ఆర్-12 స్థానంలోకి వచ్చిన ఆర్-134ఎ తయారీకి స్వదేశీ పద్ధతిని రూపొందించింది.

ఆల్విన్ ఫ్రిజ్‌లు పోవడానికి ఈ ఒప్పందమే కారణమని ఒక అపోహ ఉంది. తేదీలు చూస్తే అది నిలవదు. సి.ఎఫ్.సి.ల మీద మన దేశానికి మొదటి కట్టడి 1999లో వచ్చింది. ఆల్విన్ ఫ్రిజ్ విభాగం అంతకు ముందే, నష్టాల వల్ల, వోల్టాస్ చేతికి వెళ్ళింది.

భారం నిజంగా పడింది చిన్న మెకానిక్కు మీద. నాంపల్లి, ఆబిడ్స్ సందుల్లో ఒక సిలిండరు, ఒక గేజి, ఒక వెల్డింగు టార్చి పెట్టుకుని బతికే మనిషికి ఒక్క గ్యాసు తెలిస్తే చాలేది. కొత్త గ్యాసుకు కంప్రెసర్ నూనె వేరు, ఒత్తిడి వేరు, లోపల తడి ఏమాత్రం పనికిరాదు, వాక్యూమ్ పంపు తప్పనిసరి. ఆ నిధి నుంచే దేశమంతటా వేలమంది మెకానిక్కులకు శిక్షణ ఇచ్చారు. అయినా అందరికీ అందలేదు. పాత ఫ్రిజ్ బాగుచేయించుకోవడానికి తిరిగిన పెన్షనరుకూ ఆ ఖర్చులో వాటా పడింది.

ఫలితం మాత్రం దక్కింది. ఓజోన్‌ను హరించే పదార్థాల వాడకం ప్రపంచంలో సుమారు 99 శాతం తగ్గింది. ఈ తీరుగా సాగితే చాలా ప్రాంతాల్లో 2040 నాటికి, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి ఓజోన్ పొర 1980 నాటి స్థితికి వస్తుందని ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల అంచనా. కాపలా మానితే లాభం లేదు. 2018లో నిషిద్ధమైన సి.ఎఫ్.సి. మళ్ళీ గాలిలో పెరుగుతున్నట్టు కొలతల్లో తేలింది. అది తూర్పు చైనా నుంచి వస్తోందని మరుసటి ఏడాది బయటపడింది. తరువాత తగ్గించారు.

ఇప్పుడు మన ఇంట్లో

కథ ఇక్కడితో ఆగలేదు. ఎ.సి.లలోని ఆర్-22 ఓజోన్‌కు చేసే హాని ఆర్-12తో పోలిస్తే ఇరవయ్యో వంతు. అయినా హానే. దాన్ని 2025కు 67.5 శాతం తగ్గించి, 2030కి దాదాపుగా మానేయాలి. పాత యంత్రాల మరమ్మతుకు మాత్రం 2040 వరకు కొద్దిపాటి మినహాయింపు ఉంది. అందుకే మెకానిక్ ఆ మాట అంటున్నాడు. దాని బదులు వచ్చిన ఆర్-134ఎ, ఆర్-410ఎ వంటివి ఓజోన్‌ను ముట్టవు గాని భూమిని వేడెక్కిస్తాయి. వాటినీ తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలిలో మరో అంగీకారం జరిగింది. దాన్ని పూర్తిగా అమలు చేస్తే ఈ శతాబ్ది చివరకు అర డిగ్రీ దాకా వేడి పెరగకుండా ఆపవచ్చు. భారత్ 2021లో దాన్ని ఆమోదించింది. మనకు తగ్గింపు 2032లో మొదలై 2047కు 85 శాతం కావాలి.

ఇప్పుడు కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఐసోబ్యూటేన్ వాడుతున్నారు. ఇది మన వంటగ్యాసు బంధువే. మండుతుంది. అయితే ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములు. వంట సిలిండరులో ఉండేది 14.2 కిలోలు. మిడ్జ్‌లీ తరం మండే గ్యాసుకు భయపడి పారిపోయింది. జాగ్రత్తగా వాడడం నేర్చుకుని లోకం మళ్ళీ దానికే వచ్చింది.

మన సభ్యులు గుర్తుంచుకోవలసినవి కొన్ని చెబుతాను. ఎ.సి. చల్లబడకపోతే గ్యాసు నింపమనే ముందు లీకు ఎక్కడుందో చూడమనండి. లీకు మూయకుండా ఏటా గ్యాసు నింపించడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. మీ డబ్బూ పోతుంది, గ్యాసూ ఆకాశానికి పోతుంది. మిగిలిన గ్యాసును బుస్సుమని గాలిలోకి వదలకుండా సిలిండరులోకి ఎక్కించుకునే యంత్రం ఉన్న మెకానిక్‌ను పిలవండి. పాత యంత్రంలో మండే గ్యాసు చవకగా వేస్తానంటే ఒప్పుకోవద్దు, అది ఇంటికి ప్రమాదం. 2020 జనవరి నుంచి కొత్త ఎ.సి.లు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర ఉండాలని నిబంధన పెట్టారు. మన వయస్సు వాళ్ళకు అది చాలు. కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది.

ఇక మిడ్జ్‌లీ తప్పు ఎంత అన్న ప్రశ్న. నా దృష్టిలో ఆయన మీద ఉన్నవి రెండు వేర్వేరు ఫైళ్ళు. సీసం ఫైలులో వైద్యుల అభ్యంతరాలు ఉన్నాయి, చనిపోయిన కార్మికుల వివరాలు ఉన్నాయి, సొంత అనారోగ్యం ఉంది. అవన్నీ చూసి కూడా ముందుకు పంపించాడు. దానికి ఆయన బాధ్యుడే. ఫ్రియాన్ ఫైలులో అటువంటి అభ్యంతరం ఒక్కటీ లేదు. ఆ రోజుకు తెలిసినంతలో అది ప్రాణాలు కాపాడే పని. రెండిటినీ కలిపి ఆయనను దుర్మార్గుడనడం తేలిక, న్యాయం మాత్రం కాదు. ఫ్రియాన్ తప్పు తెలిసినది ఆయన పోయిన ముప్పై ఏళ్ళకు. తెలిసిన తరువాత ఏమి చేశారన్నది ఆ తరువాతి వాళ్ళను అడగవలసిన ప్రశ్న. సీసం విషయంలో లోకం వందేళ్ళు తాత్సారం చేసింది. ఫ్రియాన్ విషయంలో హాని తెలిసిన పదమూడేళ్ళకే దేశాలు ఒక బల్ల దగ్గర కూర్చుని సంతకాలు చేశాయి. ఆ ఒప్పందంలో ఇప్పుడు ప్రపంచ దేశాలన్నీ ఉన్నాయి.

2066 నాటికి మనం ఎవరమూ ఉండం. మన మనుమలు ఉంటారు. వాళ్ళ నెత్తి మీది ఆకాశం బాగుపడడంలో నాంపల్లి సందులోని మెకానిక్కుకూ, మరమ్మతు చేయించుకునే మనకూ కొంత పాత్ర ఉంది. ఈ ఎండాకాలం ఎ.సి. సర్వీసింగ్ చేయించే ముందు ఈ నాలుగు మాటలు ఇంట్లో పిల్లలకు కూడా చెప్పవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాను.